తీయోకి ఎన్ని వరసలు

రాత్రి పదిన్నర. అంట్లు తోమేసి, రేపటి లంచ్ బాక్సులు సర్దేశాను. పడుకుందామని లైటు తీయబోతుంటే డైనింగ్ టేబుల్ మీద ఆ కాగితం కనిపించింది. మళ్ళీ కూర్చున్నాను.

చిన్నదాని హోంవర్క్. అది చదివేది స్పానిష్‌లో పాఠాలు చెప్పే బడి. 'మి ఫమీలియా', అంటే నా కుటుంబం. చెట్టు బొమ్మ, కొమ్మకో గడి. మధ్యలో అది, పైన మేమిద్దరం, ఆపైన తాతయ్యలు, అమ్మమ్మ, నానమ్మ. ఆ ఇద్దరూ అబువేలాలే. అటూ ఇటూ రెండు గళ్ళలో 'తీయో', 'తీయో', అంటే అంకుల్, అంకుల్. ఒక తీయో మా మరిది, ఇంకో తీయో మా అన్నయ్య. "ఇద్దరూ ఒకటే ఎలా అవుతారే? ఒకరు బాబాయి, ఒకరు మామయ్య కదా" అన్నాను. "మాయెస్త్రా అలాగే చెప్పింది అమ్మా" అంది. మాయెస్త్రా అంటే వాళ్ళ టీచరు. గొంతు పెంచాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫస్ట్ గ్రేడ్ పిల్ల. రాసింది తప్పు కూడా కాదు.

ఈయన లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా "హోంవర్కే కదా, వదిలెయ్" అన్నారు. అక్కడ మండింది నాకు.

ఎందుకంటే రెండేళ్ళ క్రితం ఆ ఫారం దగ్గర కూడా ఇదే మాట. కిండర్‌గార్టెన్‌లో చేర్చేటప్పుడు కాలిఫోర్నియాలో నాలుగు ప్రశ్నలు అడుగుతారు. బిడ్డకి మొదట వచ్చిన మాటలు ఏ భాషవి, ఇంట్లో అది ఎక్కువగా ఏ భాష మాట్లాడుతుంది, మీరు దానితో ఏ భాషలో మాట్లాడతారు, ఇంట్లో పెద్దవాళ్ళు ఏ భాష మాట్లాడుకుంటారు. నాలుగింటికీ జవాబు తెలుగే. మన తెలుగువాళ్ళ గ్రూపులో అందరూ ఒకటే మాట: తెలుగు అని రాస్తే ఇంగ్లీషు పరీక్ష పెడతారు, 'ఇంగ్లీష్ లెర్నర్', అంటే ఇంగ్లీషు ఇంకా సరిగా రాని పిల్ల అని ముద్ర వేస్తారు, రాయొద్దు. ఈయన నాలుగు చోట్లా ఇంగ్లీష్ అని రాశారు. నేను సంతకం పెట్టాను. "ఫారమే కదా" అన్నారు.

ఈ బళ్ళో క్లాసులో సగం మంది ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు, మిగతా సగం ఇంగ్లీషు పిల్లలు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలని అలా కూర్చోబెడతారు. మా పిల్ల ఇంగ్లీషు సగంలో లెక్క. 'అమ్మా, పాలు' అని మాటలు మొదలుపెట్టిన పిల్ల. దానికి తెలుగొచ్చని బడి కాగితాల్లో ఎక్కడా లేదు. 1998లో ప్రాపొజిషన్ 227 అని ఓటేసి, బళ్ళలో ఇంగ్లీషు తప్ప ఇంకో భాషలో పాఠం చెప్పడాన్ని దాదాపు ఆపేసిన రాష్ట్రం ఇది. అదే రాష్ట్రం 2016లో మళ్ళీ ఓటేసి దాన్ని తీసేసింది. అన్ని లక్షల మంది మనసు మార్చుకున్నాక, మా ఇంటి భాషని మేమే ఎందుకు దాచాం? పరీక్ష పెడితే పెట్టేవారు. రాసేది.

స్పానిష్ మీద నాకు కోపం లేదు. సాయంత్రం ఉంది, ఇప్పుడు లేదు. రోజులో పదింట తొమ్మిది వంతులు స్పానిష్‌లోనే చెబుతారు, ఐదో తరగతికి వచ్చేసరికి సగం సగం అవుతుంది. మొదట్లో రెండు నెలలు ఇంటికొచ్చి నోరు విప్పేది కాదు. తర్వాత ఒకరోజు స్నానం చేయిస్తుంటే 'మ, మె, మి, మొ, ము' అని పాడింది. గుణింతం! చదవడం అలాగే నేర్పుతారట. ఆ రోజు ఎంత సంతోషమేసిందో.

ఇంకోటి. మొన్న వేసవిలో అమ్మా, అత్తయ్యా ఇద్దరూ ఇక్కడున్నప్పుడు బడి గేటు దగ్గర చిన్నదాని ఫ్రెండు వాళ్ళ అబువేలా కలిసింది. ఈవిడ మా అమ్మ, ఈవిడ మా ఆయనగారి అమ్మ అని నాకొచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆవిడ రెండు చూపుడు వేళ్ళూ కొక్కేల్లా కలిపి "కోన్‌సువేగ్రాస్!" అంది. మా అమ్మకి ఎలా అర్థమైందో గానీ "అవునమ్మా, వియ్యపురాళ్ళం" అంది. ఇంగ్లీషులో లేని మాట ఆ భాషలో ఉంది. వియ్యపురాలికి పేరు పెట్టుకున్న వాళ్ళకి వరసలు తెలియవని ఎలా అనుకున్నాను?

కూర్చుంటే ఆరో తరగతి గుర్తొచ్చింది. ఐదు దాకా తెలుగు మీడియం, తెనాలిలో. ఆరులో ఇంగ్లీషు మీడియంలో వేశారు. మొదటివారమే లెక్కల మాస్టారు బోర్డు మీద గీత గీసి, దానికి పర్పెండిక్యులర్ గీయమన్నారు. నాకు లంబం తెలుసు. మూలమట్టం పెట్టి చక్కగా గీయగలను. ఆయన అడిగింది అదేనని తెలియదు. సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. పీరియడ్ అయ్యేదాకా బెంచీ మీద నిలబెట్టారు. మా చిన్నదానికైతే అర్థం కాకపోతే వాళ్ళ మాయెస్త్రా బొమ్మ చూపిస్తుంది, చేతులతో చేసి చూపిస్తుంది. మాకు అలా చూపించినవాళ్ళు లేరు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. నాన్న ఏమీ అడగకుండా రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి తీసి, మధ్యలో స్కేలుతో నిలువుగీత గీశారు. ఎడమవైపు లంబం, కుడివైపు పర్పెండిక్యులర్. క.సా.గు., ఎల్.సి.ఎం. కిరణజన్య సంయోగక్రియ, ఫొటోసింథసిస్. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక ఒక పేజీ. ఆయనకీ అన్నీ తెలియవు. తెలియనివి ఎదురింటి కెమిస్ట్రీ లెక్చరర్‌గారిని అడిగి వచ్చి రాసేవారు. దసరా సెలవులకి సగం పుస్తకం నిండింది. ఆ పుస్తకం ఇప్పుడు ఎక్కడుందో. రేపు అమ్మని అడగాలి.

ఇందాక పెన్సిలు తీసి ఆ చెట్టుమీద 'మామయ్య' అని రాయబోయాను. ఆగిపోయాను. అది చిన్నదాని హోంవర్క్, అది రాసినట్టే వెళ్ళనీ. ఈయన ప్రింటర్‌లోంచి తెల్లకాగితం తెచ్చుకుని మధ్యలో గీత గీశాను. అబువేలాకి ఎదురుగా అమ్మమ్మ, నానమ్మ. కోన్‌సువేగ్రాకి ఎదురుగా వియ్యపురాలు. తీయోకి ఎదురుగా మూడు వరసలు పట్టాయి: పెదనాన్న, బాబాయి, మామయ్య. లంచ్ బాక్సు కింద పెట్టబోతూ చూసుకున్నాను. ఎడమవైపుది అంతా చదివేస్తుంది. కుడివైపు అక్షరాలు దానికింకా రావు.