జిరాక్స్ తీస్తే నేరమా సార్?

స్కూల్లో ఏ పుస్తకంలోంచైనా నాలుగు పేజీలు జిరాక్స్ తీసి పిల్లలకు పంచుదామంటే చాలు, "కాపీరైట్ గొడవ మనకెందుకు సార్" అనేవాళ్లు ఒకరుంటారు. సాయంత్రానికి ఆయనే మొత్తం గైడు పీడీఎఫ్‌ని పేరెంట్స్ గ్రూపులో పడేస్తారు!

నిజానికి మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో సూటిగానే ఉంది: పాఠం చెప్పే క్రమంలో టీచరైనా విద్యార్థయినా ఏ రచననైనా కాపీ తీసుకోవచ్చు, ప్రశ్నపత్రంలోనూ వాడుకోవచ్చు. "పది శాతం దాటకూడదు" అని కొందరు చెప్పే లెక్క ఈ మినహాయింపులో ఎక్కడా లేదు.

దీని మీద పెద్ద కేసే నడిచింది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే ప్రచురణ సంస్థలు కలిసి ఢిల్లీ యూనివర్సిటీ మీదా, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి అనే జిరాక్స్ షాపు మీదా కోర్టుకెళ్లాయి. సిలబస్‌లోని అధ్యాయాలన్నీ కలిపి బైండు చేసి అమ్ముతున్నారని ఫిర్యాదు. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు జడ్జి జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ కేసు కొట్టేశారు. తీర్పులో ఆయన తన లా చదువు రోజులు గుర్తు చేసుకోవడం నాకు తెగ నచ్చింది. అప్పట్లో జిరాక్స్ ఖరీదెక్కువ, అందుకని విద్యార్థులు వంతులేసుకుని లైబ్రరీలో కూర్చుని పేజీలకు పేజీలు చేత్తో రాసుకునేవారట. చేత్తో రాసుకుంటే లేని తప్పు మిషన్‌తో తీస్తే ఎక్కణ్ణుంచి వస్తుంది? డిసెంబరులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచి కేసును మళ్లీ విచారణకు పంపినా, ఇన్నే పేజీలని హద్దు మాత్రం పెట్టలేదు, బోధనకు అవసరమైనంత మేరకే అని చెప్పింది. 2017లో ఆ సంస్థలే కేసు వెనక్కి తీసుకున్నాయి.

ఇది చూపించి పుస్తకం మొత్తాన్ని వాట్సాప్‌లో తిప్పితే అది పాఠం చెప్పడం కాదు. చేతి డబ్బు పెట్టి తెలుగులో పుస్తకం అచ్చేసుకున్నవాళ్లకైతే అది నేరుగా పొట్టమీద దెబ్బే.

వార్షికోత్సవం డాన్సులదీ ఇదే తంతు. చూసేది స్టాఫూ, పిల్లలూ, తల్లిదండ్రులూ, స్కూలుకు సంబంధించినవాళ్లూ అయినంతవరకు సినిమా పాట వేసుకోవచ్చని అదే సెక్షన్లో ఉంది. ఆ వీడియోని యూట్యూబ్‌లో పెడితే మాత్రం చూసేది ఊరంతా, కాబట్టి ఆ రక్షణ ఉండదు. పాతకాలపు కోలాటం పాట పిల్లలే పాడితే ఏ పేచీ లేదని మా మీటింగులో చెప్పాను. దానికి కిక్కుండదంటున్నారు మా ప్రిన్సిపాల్ గారు.