బిడియం జబ్బేనా?

"పాప ఎవరితోనూ మాట్లాడదు, ఏదైనా డిజార్డరేమో చూపించండి" అని మొన్న టీచర్ గారన్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు నేనూ అంతే, ఇంటికెవరైనా వస్తే తలుపు చాటుకి వెళ్లిపోయేదాన్ని.

డాక్టర్ గారు ఓపిగ్గా అడిగారు. తన ఈడు పిల్లలతో ఆడుతుందా? బడికి వెళ్లనని ఏడుస్తుందా? పెద్దవాళ్ల ముందు మాత్రమే ముడుచుకుపోతే అది సోషల్ యాంగ్జైటీ డిజార్డర్, అంటే నలుగురిలో ఉండాలంటేనే విపరీతంగా భయపడే సమస్య, కాదట. మానసిక సమస్యల్ని ఎలా గుర్తించాలో చెప్పే 2013 నాటి పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం తోటి పిల్లల దగ్గరా ఆ భయం ఉండాలి, సాధారణంగా 6 నెలలైనా సాగాలి, బిడ్డని బాగా బాధపెట్టాలి లేదా రోజువారీ జీవితానికి అడ్డుపడాలి. అలా నలిగిపోయే పిల్లలకి సాయం అందాల్సిందే, ఆలస్యం చేయకూడదు.

మా పాప సంగతి వేరు. నిన్న పార్కులో అరగంట నా వేలు వదల్లేదు, జారుడుబల్ల వైపే చూస్తూ నిలబడింది. ఇంతలో ఇంకో పాప చెప్పు బకిల్ ఊడింది. మనమ్మాయి అడక్కుండానే వెళ్లి, గొంతుక్కూర్చుని, రెండుసార్లు జారిపోయినా మూడోసారి పెట్టేసింది. ఒక్క మాట లేదు. ఇద్దరూ కలిసి మెట్లెక్కేశారు.

రేపు టీచర్ గారితో మాట్లాడాలి. "దానికి సిగ్గండీ" అని తన ముందే చెప్పడం నేనూ మానేశాను.