క్యాప్ దాకా లెక్క వేసుకున్నాకే రూట్ కెనాల్

పిప్పిపన్నుకు రూట్ కెనాల్ అనగానే అందరూ ఆ ఒక్క పనికి ఎంతని అడుగుతారు. అడగాల్సింది మొత్తం: ఎక్స్‌రే, రూట్ కెనాల్, ఫిల్లింగ్, పైన క్యాప్. మన హెల్త్ పాలసీల్లో చాలావాటికి ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పంటి ఖర్చు రాదు, కాబట్టి ఇదంతా జేబులోంచే.

డబ్బు చాలక క్యాప్ వాయిదా వేస్తే ముందు పెట్టిందీ పోవచ్చు. దవడ పన్ను లోపల తొలిచేశాక గోడలు పలచబడతాయి. జంతిక కొరికినా నిలువునా చీలవచ్చు. చీలిక వేరులోకి దిగిందా, ఇక పీకడమే.

డాక్టరును సూటిగా అడగండి: పుచ్చు తీసేశాక చిగురు పైన చుట్టూ గట్టి పన్ను ఎంత మిగులుతుంది? 2 మి.మీ. ఉంటే క్యాప్‌కు పట్టు దొరుకుతుంది. బాగా తక్కువైతే వేలు పోయడం నా దృష్టిలో దండగే, పీకించడం మేలు. పీకిన చోట బ్రిడ్జి (పక్క పళ్లకు తగిలించే కట్టుడు పన్ను) పెట్టాలంటే మాత్రం పక్కనున్న మంచి పళ్లు రెండూ అరగదీయాలి. జ్ఞానదంతమైతే ఆ చోట ఏమీ పెట్టక్కర్లేదు.

నొప్పి తగ్గిందని ఆగకండి. నరం చచ్చినా నొప్పి ఆగుతుంది, వేరు కొసన చీము పడుతూనే ఉంటుంది.

ఖర్చు మరీ భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనో, విజయవాడలోనో ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చూపించుకోండి. ఎక్కువసార్లు తిరగాలి, ఫీజు మాత్రం బయటికన్నా చాలా తక్కువ.