మెట్ల మాస్టారు

మన ఆర్కిటెక్చర్ కాలేజీ బ్యాచ్ కలయిక సంచికకు వ్యాసం కావాలని కమిటీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను అడిగింది ఒక్కటే. మెట్ల మాస్టారి గురించి ఎవరు రాస్తున్నారు? "ఎవరో ఒకరు రాస్తారులే అని అందరూ అనుకుంటున్నారు, నువ్వు రాసేయ్" అన్నారు. అందుకని లెటరింగ్ షీట్ల కష్టాలు, బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చిన రాత్రి, గొడుగు మోడల్, జ్యూరీ రోజు మాయమైన సెట్ స్క్వేర్లు, ఇవన్నీ మిగతావాళ్లకు వదిలేస్తున్నాను. పసుపు స్కేలు గురించి నాకు తెలిసింది కూడా ఇక్కడ రాయను. ఎదురుపడినప్పుడు చెబుతాను.

మాస్టారు మనకు మూడో సెమిస్టర్‌లో వచ్చారు. మొదటి క్లాసుకు చేతిలో పుస్తకం లేదు, స్లయిడ్లు లేవు, చొక్కా జేబులో టేపు ఒక్కటే ఉంది. "లేవండి నాయనా" అన్నారు. స్టూడియో వెనక మెట్ల దగ్గరకు తీసుకెళ్లి, కాళ్ల వంక చూడకుండా, ఎదురుగా ఉన్న కిటికీని చూస్తూ ఎక్కమన్నారు. ఒక్కొక్కరం ఎక్కాం. పైనుంచి రెండో మెట్టు దగ్గర చాలామందికి అడుగు తడబడింది. ఆయన ఏమీ అనలేదు, టేపు తీసి మన క్లాసు లీడరమ్మ చేతికిచ్చారు. మిగతా మెట్లన్నీ 160 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్నాయి, ఆ ఒక్కటి 178.

పద్ధెనిమిది మిల్లీమీటర్లు. కంటికి ఆనని తేడా. రెండు మూడు మెట్లు ఎక్కేసరికి కాలు ఆ ఎత్తు నేర్చేసుకుంటుంది, ఆ తర్వాత అంచును తప్పించుకునేంత మాత్రమే పైకి లేస్తుంది, మధ్యలో ఒక్క మెట్టు మాట తప్పితే మనిషి పడతాడు అని మాస్టారు ఆ రోజు చెప్పారు. మెట్లు ఎంత ఎత్తున్నాయన్నది తర్వాతి సంగతి, ముందు అన్నీ ఒకే ఎత్తున ఉండాలి. కాలేజీలో చేరిన దగ్గర్నుంచి ఎలివేషన్లకు, అంటే బిల్డింగ్ బయటికి కనిపించే తీరు బొమ్మలకు, రంగులు వేస్తూ వచ్చిన మనకు, ఒక బిల్డింగ్‌ను కాలితో చదవొచ్చని తెలిసింది అప్పుడే.

ఆ సెమిస్టర్ అంతా మెట్లు కొలిచాం. గీతల నోట్‌బుక్‌లో ఒక్కో పేజీకి ఒక్కో మెట్ల వరస. రైజర్ (మెట్టు ఎత్తు), ట్రెడ్ (పాదం పెట్టే చోటు లోతు), వెడల్పు, ల్యాండింగ్ (మెట్ల మధ్య చదును), హ్యాండ్‌రైల్ ఎత్తు, వెలుతురు ఎటునుంచి పడుతోంది, ఇవి అందరూ రాసేవే. మాస్టారు అడిగేవి వేరే ఉండేవి. ఏ వేళకు ఎవరు ఎక్కుతున్నారు? రైలింగ్‌ను ఎక్కడ పట్టుకుంటున్నారు? చేతిలో బరువున్న మనిషి ఎక్కడ ఆగుతున్నాడు? రాయి ఎక్కడ అరిగింది? పాత మెట్ల మీద మలుపు దగ్గర లోపలి అంచు ఎక్కువ అరిగి ఉండటం మనమే కొలిచి చూశాం. ఎక్కడ నడవాలో గీసింది ఆర్కిటెక్టు, ఎక్కడ నడిచారో గీసింది జనం. ఆ రెండు గీతల మధ్య తేడాను పేజీ కింద రాయకపోతే నోట్‌బుక్ వెనక్కి వచ్చేది.

బ్లొండెల్ సూత్రం గుర్తుందా? 17వ శతాబ్దపు ఫ్రెంచి ఆర్కిటెక్టు ఫ్రాన్స్వా బ్లొండెల్ చెప్పింది: రెండు రైజర్లు, ఒక ట్రెడ్ కలిపితే నడకలో మనిషి వేసే ఒక అంగ దూరం రావాలి. మనం దాన్ని సుమారు 600 నుంచి 640 మిల్లీమీటర్ల మధ్య పట్టుకున్నాం. 150 రైజర్, 300 ట్రెడ్ పెడితే 600. 170, 280 పెడితే 620. అందరం హాయిగా లెక్కలు కట్టేస్తుంటే మాస్టారు బోర్డు మీద 200, 200 అని రాశారు. లెక్క 600 వచ్చింది, సూత్రం ఒప్పుకుంది. ఆ కొలతలతో చెక్క మెట్లు నాలుగు చేయించి స్టూడియోలో పెట్టించి, "ఇప్పుడు దిగండి" అన్నారు. దిగేటప్పుడు పాదంలో ముందు భాగమంతా గాల్లోనే ఉంది. మోకాళ్ల నొప్పులున్న మన లైబ్రరీ ఆయన్ని పిలిచి, దిగగలరా అని అడిగారు. ఆయన చూసి, "నావల్ల కాదు సార్" అని వెళ్లిపోయారు. "సూత్రం పాసైంది, మనిషి ఫెయిలయ్యాడు. ఎవర్ని పాస్ చేయించడానికి చదువుతున్నారో మీరే చెప్పండి" అన్నారు మాస్టారు. ఆ తర్వాత వెనక టేబుల్ త్రయం ప్రతి షీటు మీదా చిన్న అక్షరాలతో "లైబ్రరీ ఆయన దిగగలరు" అని రాసేవాళ్లు. వాళ్ల షీట్లలో ఆ మాట ఎప్పుడూ అబద్ధం కాలేదు, నేను గమనించాను.

చరిత్ర కూడా ఆయన మెట్ల మీదుగానే చెప్పారు. ఫ్లారెన్స్‌లో లారెన్షియన్ లైబ్రరీ ముందు గదిలోని మెట్లు మైకెలాంజిలో రోమ్‌లో ఉండగా కట్టారు. ఆయన చిన్న మట్టి నమూనా చేసి పంపిస్తే, దాన్ని చూసుకుని 1559లో అమ్మానాతి అనే ఆర్కిటెక్టు కట్టించాడు. మోడల్ చేయడం మార్కుల కోసం అనుకునే మనకు ఆ మట్టి ముద్ద కథ పెద్ద సమాధానం. ఉక్రెయిన్‌లోని ఒడెస్సాలో 1837 నుంచి 1841 దాకా కట్టిన పెద్ద మెట్ల వరస సంగతి ఇంకా బాగుంటుంది. కింద వెడల్పు 21.7 మీటర్లు, పైన 12.5. పైకి పోయేకొద్దీ సన్నబడటం వల్ల కిందినుంచి చూస్తే ఉన్నదానికంటే చాలా దూరం పోతున్నట్టు కనిపిస్తుంది. కిందినుంచి మెట్లే తప్ప ల్యాండింగ్‌లు కనబడవు, పైనుంచి చూస్తే ల్యాండింగ్‌లే తప్ప మెట్లు కనబడవు. సెక్షన్ (కట్టడాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీయించి, కంటి ఎత్తు పెట్టించి, చూపు గీతలు లాగించి ఇదంతా మన చేతనే నిరూపించారు. ఆ మధ్యాహ్నం భోజనం బెల్లు ఎవరికీ వినపడలేదు.

ఇక జ్యూరీ, అంటే మన డిజైన్లను పెద్దలు చూసి ప్రశ్నలడిగే రోజు. ఆరోగ్య కేంద్రం ప్రాజెక్టు. మన క్లాసు రంగుల రాణి షీట్లు ముందు వరసలో పెట్టారు, ఎందుకు పెట్టరు, అంత అందంగా ఎవరు గీయగలిగేవాళ్లు? ఎత్తైన ప్లింత్ (బిల్డింగ్ కూర్చునే పీఠం), ముందు ఆరు మెట్లు, వరసగా స్తంభాలు. బయటినుంచి వచ్చిన జ్యూరీ పెద్దలు మెచ్చుకుంటూ పక్క షీటుకు జరగబోయారు. మాస్టారు కదల్లేదు. "ప్లింత్ ఎంతమ్మా?" అన్నారు. 900 అంది. "నడవలేని మనిషి వస్తే?" ర్యాంప్ పెడతానంది. "1:12 వాలుతో పొడవు ఎంత?" అంటే ఎత్తుకు పన్నెండింతలు పొడవు. రాణి నోటితోనే లెక్క చెప్పింది. 10.8 మీటర్లు. మధ్యలో ల్యాండింగ్ వేరే. షీటు మీద రోడ్డుకు, మెట్లకు మధ్య నాలుగు మీటర్లు కూడా లేవు. హాలంతా నిశ్శబ్దం.

ఆ రాత్రి స్టూడియోలో ఉన్నవాళ్లందరికీ తర్వాత జరిగింది తెలుసు. తన ప్రాజెక్టు కాకపోయినా ఎవరూ ఇంటికి వెళ్లలేదు. ఒకరు సైట్ కాంటూర్లు (నేల ఎత్తుపల్లాల గీతలు) మళ్లీ ట్రేస్ చేశారు, ఒకరు బ్లేడుతో పాత ఇంకు గీకారు. తెల్లవారుజామున రాణి లేచి నిలబడి, నేల ఉత్తరం వైపు 600 ఎత్తుంది కదా, దారి ముందువైపే ఉండాలని ఎవరన్నారు అంది. ప్రవేశాన్ని అటు తిప్పింది. మిగిలింది 300 మిల్లీమీటర్లు, దానికి 3.6 మీటర్ల వాలు చాలు. మెట్లే అక్కర్లేదు. రోగి, డాక్టరు, మందుల బండి అందరికీ ఒకే దారి. మర్నాడు మాస్టారు ఆ షీటు ముందు చాలాసేపు నిలబడి, మార్కులు వేయకుండా కింద సంతకం పెట్టారు. వికలాంగుల కోసం పక్కన వేరే దారి పెట్టడం సాయం కాదని, అందరూ వచ్చే దారే వాళ్లకూ పనికొచ్చేలా చేయడమే డిజైన్ అని ఈ రోజుకీ నేను క్లయింట్లతో వాదిస్తాను. ఆ వాదన ఆ తెల్లవారుజామున పుట్టింది, నాది కాదు, రాణిది.

ట్రైనింగ్‌కు వెళ్లేనాటికి మనందరికీ మంచి పోర్ట్‌ఫోలియోలు, అంటే చేసిన పనుల డ్రాయింగ్‌ల కట్టలు, ఉన్నాయి. నేను చేరిన ఆఫీసులో వాటిని ఒక్కసారి తిరగేసి పక్కన పెట్టి, టాయిలెట్ డీటెయిల్స్, తలుపుల షెడ్యూలు చేతికిచ్చారు. నిజానికి అదే అసలు చదువు. కాన్సెప్ట్ జ్యూరీ కోసం గీస్తాం, వర్కింగ్ డ్రాయింగ్ మేస్త్రి కోసం గీస్తాం. మేస్త్రి అడిగే ప్రశ్నకు డ్రాయింగ్‌లో జవాబు ముందే ఉండాలి.

సైట్‌లో మెట్లకు షట్టరింగ్ (కాంక్రీటు పోసే చెక్క అచ్చు) కొడుతున్న రోజు అక్కడ నేనున్నాను. ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కు 3300, ఇరవై రెండు రైజర్లు, ఒక్కోటి 150. చెక్కలన్నీ సమానంగా 150కే కొట్టారు. మాస్టారి 178 మెట్టు నా బుర్రలో మెదిలి, "ఫ్లోరింగ్ మందం ఎంత వస్తుంది?" అని అడిగాను. హాల్లో కింద వేసే సిమెంటు పరుపుతో కలిపి 50, మెట్ల మీద రాయి 20 అన్నారు. అక్కడే గోడ మీద పెన్సిల్‌తో లెక్క వేశాను. కాంక్రీటు మెట్లు సమానంగా పోస్తే, ఫ్లోరింగ్ పడ్డాక అన్నిటికంటే కింది మెట్టు 120 అవుతుంది, ఆఖరుది 180 అవుతుంది. మధ్యలోవి మాత్రం 150. కాబట్టి కాంక్రీటులో మొదటిది 180, చివరిది 120 పోస్తేనే పూర్తయ్యాక అన్నీ ఒకటవుతాయి. మేస్త్రి గోడ వంక కాసేపు చూసి, టేపుతో తనూ ఒకసారి కొలుచుకుని, "మేడమ్ చెప్పింది కరెక్టే, చెక్కలు ఊడదీయండ్రా" అన్నారు. నా జీవితంలో అందిన మొదటి సర్టిఫికెట్ అదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. స్టూడియో వెనక ఉన్న 178 లాంటివి ఎలా పుడతాయో కూడా ఆ రోజే అర్థమైంది.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసుంది. పెద్దది కాదు, కానీ వచ్చిన పనులన్నీ ఇష్టంగా చేసినవే. ఎక్కువగా స్కూళ్లు, ఆస్పత్రులు. ఒక స్కూల్లో ల్యాండింగ్‌లను కిటికీ వైపు కాస్త వెడల్పు చేసి, పెద్దలకు 900 ఎత్తున ఒక హ్యాండ్‌రైల్, పిల్లల చేతికి అందేలా కింద ఇంకో హ్యాండ్‌రైల్ పెట్టాను. ల్యాండింగ్‌లో కూర్చుని పిల్లలు పుస్తకాలు చదువుకుంటున్నారని, కొత్త బ్లాకులో కూడా అలాంటివే కావాలని హెడ్‌మిస్ట్రెస్ గారు ఫోన్ చేశారు. ఆ బిల్డింగ్‌కు అవార్డు కూడా వచ్చింది. ఆ ఫోన్ సంగతి మాత్రం ఇంట్లో నాలుగుసార్లు చెప్పుకున్నాను.

మన వాళ్లలో ఒకరు పాత కట్టడాల పరిరక్షణలో ఉన్నారు, ఒకరు సెట్లు వేస్తున్నారు, లీడరమ్మ నగరాల ప్రణాళికలు రాస్తోంది, త్రయంలో ఇద్దరు కలిసి ఒకే సంస్థ నడుపుతున్నారు. మూడోవారు పాఠాలు చెబుతున్నారు, అది ఎవరూ ఊహించని సంతోషం.

మా ఆఫీసులో ట్రైనింగ్‌కు పిల్లలు పంపే పోర్ట్‌ఫోలియోల్లో రెండర్లు (కంప్యూటర్‌లో చేసిన రంగుల బొమ్మలు) చాలా బాగుంటున్నాయి. వాళ్ల చేతుల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ మనకు లేదు, అది ఒక్క క్లిక్‌తో మెట్లు గీసి రైజర్లను సమానంగా పంచేస్తుంది. కానీ ఇచ్చిన ఎత్తు వట్టి స్లాబుదా, ఫ్లోరింగ్ పడ్డాక వచ్చేదా అన్నది మనిషే చెప్పాలి. అందుకే నేను ముందు వెతికేది మెట్ల గుండా కోసిన సెక్షన్. పై మెట్ల వరస కింద తల తగలకుండా రెండు మీటర్ల పైచిలుకు ఖాళీ ఉందా, ల్యాండింగ్ కింద బీమ్ ఎక్కడొచ్చింది, రైలింగ్ మలుపులో తెగిపోయిందా? ఈ మూడూ చూస్తే ఆ అమ్మాయో అబ్బాయో బిల్డింగ్ లోపల ఒకసారైనా మనసులో నడిచారో లేదో తెలిసిపోతుంది. నడిచినవాళ్లను వెంటనే తీసుకుంటాను. మీ పిల్లల్లో ఎవరైనా ఈ చదువులో ఉంటే, ఆ ఒక్క సెక్షన్ చేత్తో గీసి పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీలో పెట్టమనండి.

కమిటీకి ఒక మనవితో ఆపుతాను. మాస్టారు కలయికకు వస్తున్నారని తెలిసి చాలా సంతోషమైంది. ఆయన ఇప్పుడు చక్రాల కుర్చీలో వస్తారట. సభను పై హాల్లో పెట్టారని విన్నాను, దయచేసి కింది హాలుకు మార్చండి. అక్కడ వేదిక ఎత్తు 450, దానికి 5.4 మీటర్ల ర్యాంప్ కావాలి. ఎడమ గోడ పక్కన సరిపోతుంది, లేఅవుట్ గీసి పంపాను. ఫ్రేములు, ప్లైవుడ్ నా ఆఫీసు నుంచి వస్తాయి. ముందురోజు సాయంత్రం బిగించడానికి నలుగురు కావాలి, రాణి ఇప్పటికే వస్తానంది.