మీ దేశంలో ఇలాంటి మట్టి ఉండదేమో

"మీ దేశంలో ఇలాంటి మట్టి ఉండదేమోలే, నీ తప్పు కాదు" అన్నాడు మేస్త్రీ.

తిట్టినా బాగుండేది.

డాలస్‌కి ఉత్తరాన ఒక స్కూలు బిల్డింగ్ పని. పొద్దున ఆరు గంటలు. గేటు బయట మూడు కాంక్రీట్ లారీలు డ్రమ్ములు తిప్పుకుంటూ నిలబడ్డాయి. కాంక్రీట్ పోసే ముందు అన్నీ చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. పెట్టేశాను కూడా. అరవై దాటిన ఆ మెక్సికో మేస్త్రీ మాత్రం కందకంలోకి దిగి, కడ్డీల సందులోంచి చెయ్యి పెట్టి, అడుగున ఉన్న అట్టపెట్టెని బొటనవేలితో నొక్కాడు. గోరు మునిగేదాకా దిగబడింది. నన్నూ పిలిచి నొక్కమన్నాడు. చెమ్మ తగిలిన అప్పడంలా ఉంది. రాత్రి జల్లు పడినప్పుడు ఆ చివర టార్పాలిన్ పక్కకి జరిగిపోయింది. లారీలని వెనక్కి పంపించేశాడు.

పునాదిలో అట్టపెట్టెలేంటి అంటారా? మొదటిసారి చూసినప్పుడు ఏదో పార్సెల్ అట్టలు అక్కడే పారేసి పోయారనుకున్నాను నేను కూడా. వీటిని వాయిడ్ బాక్సులంటారు, కార్టన్ ఫారాలంటారు. లోపలంతా గళ్ళుగళ్ళుగా అట్ట. ఇక్కడి మట్టి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. ఉబ్బేటప్పుడు చదరపు అడుగుకి కొన్ని వేల పౌండ్ల ఒత్తిడితో పైకి తోయగలదు. ఒకటి రెండు అంతస్తుల బిల్డింగ్ దానికో లెక్క కాదు. అందుకని బరువంతా లోతున రాయి దాకా దింపిన పియర్ల మీద, అంటే కాంక్రీట్ స్తంభాల మీద వేసి, వాటి మధ్య బీమ్ నేలకి తగలకుండా చూస్తారు. కాంక్రీట్ గాల్లో పొయ్యలేం కదా, అందుకే కింద ఈ పెట్టెలు. రెండడుగుల లోతు బీమ్ అంటే పచ్చి కాంక్రీటే చదరపు అడుగుకి 300 పౌండ్లు. అది గట్టిపడేదాకా పెట్టె మొయ్యాలి. ఆ తర్వాత నేల చెమ్మ పీల్చుకుని మెత్తబడి, నెమ్మదిగా కుళ్ళిపోవాలి. అప్పుడు బీమ్ కింద ఆరంగుళాలో పన్నెండంగుళాలో ఖాళీ మిగులుతుంది. మట్టి ఎంత ఉబ్బినా ఆ ఖాళీలోకే ఉబ్బుతుంది. పక్కనుంచి మట్టి జారి ఆ చోటు పూడిపోకుండా పలకలు కూడా అడ్డం పెడతారు.

నేను పొరబడింది ఇక్కడే. ఎలాగూ కుళ్ళేదే కదా, ఒక రోజు ముందు తడిస్తే ఏమైందిలే అనుకున్నాను. ముందే తడిస్తే కాంక్రీట్ బరువుకి పెట్టె నలిగిపోయి, ఖాళీ ఉండాల్సిన చోట కాంక్రీటే దిగి కూర్చుంటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. కొన్నేళ్ళు పోయాక గోడ పగిలి చెబుతుంది.

సరే, తప్పు నాదే. కానీ ఆ మాట వారం రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. రేగడి గురించి నాకా చెప్పేది? గుంటూరు దగ్గర మా ఊళ్ళో ఏప్రిల్ వచ్చిందంటే పొలంలో నెర్రెల్లో దూడల కాళ్ళు ఇరుక్కుంటాయి. తొలకరి పడితే చెప్పులు చేత్తో పట్టుకుని బడికి పోయినవాణ్ణి. ఇక్కడి ఈ బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ కూడా ఒకప్పుడు పత్తికి పేరుపడ్డ నేలే. సైట్‌లో మొదటి వానకి బూటుకి అంటుకుని, గోకినా వదలని ఆ నల్లటి ముద్ద చూసి ఊరొచ్చానా అనుకున్నాను. పైగా మన రూర్కీలోని భవన పరిశోధన సంస్థ వాళ్ళు 1950లలోనే రేగడి కోసం అండర్‌రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు, తయారుచేశారు. ఆ పునాదుల గురించిన మన దేశ ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగంలో స్పష్టంగా ఉంది: ఉబ్బే నేలలో బీమ్‌కీ నేలకీ మధ్య కనీసం 80 మిల్లీమీటర్లు, అంటే బెత్తెడు, ఖాళీ వదలాలని. ఇవన్నీ మేస్త్రీకి చెబుదామని కారులో రెండుసార్లు రిహార్సల్ కూడా వేసుకున్నాను.

చెప్పలేదు. ఎందుకంటే తర్వాతి ప్రశ్న ఏమొస్తుందో నాకు తెలుసు.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా మా ఇల్లు కట్టారు. పరీక్షలో ఆ బెత్తెడు గ్యాప్ గురించి అయిదు మార్కులకి రాసి వచ్చిన ఊపులో, ప్లింత్ బీమ్ కింద ఖాళీ వదులుదామన్నాను. మా మేస్త్రీ నవ్వాడు. "ఖాళీ వదిలితే పాములూ ఎలకలూ దూరతాయి బాబూ" అన్నాడు. నాన్న అవునన్నాడు. నేనూ గట్టిగా అడగలేదు. మట్టి వేసి దిమ్మిస కొట్టి, దాని మీదే బీమ్ పోశారు. మూడో ఏడుకి నైరుతి గది గోడకి కిటికీ మూల నుంచి మెట్లుమెట్లుగా పగులు. వాస్తు ఆయన వచ్చి గేటు జరపమన్నాడు. జరిపాం. ఆ పగుల్లో ఏటా సిమెంటు కూరుతూనే ఉన్నాం.

ఇక్కడ అందరూ ఈ మేస్త్రీలా ఉంటారనుకోకండి. మా కాలనీలో ఇళ్ళన్నీ, నాదీ, నేల మీద పరిచిన స్లాబులే. పెట్టెల్లేవు, ఖాళీ లేదు. అందుకే ఎండాకాలం మట్టి ముడుచుకోకుండా ఇంటి చుట్టూ చిల్లుల పైపు పరిచి పునాదికి నీళ్ళు పెడతాం. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ, "మేం తులసికోటకి పోస్తాం, మీరు గోడకి పోస్తారా" అని ఒకటే నవ్వు.

సోమవారం పొడి పెట్టెలు వచ్చాయి. కడ్డీలు విప్పి, తడిసినవి తీసేసి, కొత్తవి పరిచారు. ఎవరూ తొక్కకుండా మేస్త్రీ వాటి మీద చెక్కలు వేయించాడు. ఆ ఉదయం నేను అరగంట ముందే వెళ్ళి ఒక్కో పెట్టెనీ వేలితో నొక్కుకుంటూ పోయాను. ఆయన కాఫీ తాగుతూ చూస్తున్నాడు, ఏమీ అనలేదు.

ఆదివారం నాన్నకి ఫోన్ చేశాను.

"నైరుతి గది తలుపు పడుతోందా?"

"వానలుగా, పట్టేస్తోంది. సంక్రాంతికి అదే సర్దుకుంటుందిలే."

"నాన్నా, ఎవర్నైనా పిలిచి ఆ మూల బీమ్ కింద మట్టి బెత్తెడు తీయిస్తావా?"

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "పాములు దూరతాయిరా."