‘ఎలైట్ లిఫ్టర్’ అంటే ఎవరు? నా థీసిస్‌లో ఒక్క పేరా రాయడానికి పడ్డ తంటా

నా పీహెచ్‌డీ వెయిట్‌లిఫ్టింగ్‌లోని స్నాచ్‌లో, అంటే బరువును నేల మీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తేటప్పుడు, బార్ ఎలా కదులుతుందన్న దాని మీద. విజయనగరం చుట్టుపక్కల 34 మంది లిఫ్టర్లను వీడియో తీశాను. వెయిట్‌లిఫ్టర్లకు పేరున్న కొండవెలగాడ ఊరి పిల్లలు కూడా ఉన్నారు అందులో. సినాప్సిస్‌లో ‘ఎలైట్, నాన్ ఎలైట్’ అని రెండు గ్రూపులు రాసుకెళ్తే, మా గైడ్ గారు ఆ మాటల కింద గీత గీసి, “ఎలైట్ అని ఎవరు తేల్చారమ్మా?” అన్నారు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మొదట పతకాలు పట్టుకున్నాను. రాష్ట్రస్థాయి పతకం ఉంటే ఒక గ్రూపు, లేకపోతే ఇంకోటి. రెండు రోజులు కూడా నిలవలేదు. ఒకమ్మాయికి వచ్చిన కాంస్యం ముగ్గురే దిగిన శరీర బరువు కేటగిరీలో. ఒక తమ్ముడు పదిహేను మందిలో ఐదోవాడు. వీళ్లిద్దర్నీ పతకంతో ఎలా కొలుస్తాం?

తర్వాత 2022లో అలానా మెకే బృందం ప్రచురించిన, పరిశోధనల్లో పాల్గొనేవాళ్లను టైర్లుగా, అంటే అంచెలుగా విడదీసే పద్ధతి చదివాను. కదలిక లేని జీవితం టైర్ 0, ప్రపంచస్థాయి టైర్ 5, జాతీయస్థాయి క్రీడాకారులు టైర్ 3. మనం ఎవర్ని పరీక్షించామో వేరే దేశం వాళ్లకు ఒక్క వాక్యంలో అర్థమవుతుంది. అది చాలా పెద్ద మేలు. కానీ నా 34 మందీ దాదాపుగా టైర్ 2, 3ల్లోనే సర్దుకున్నారు. ఇక పోల్చేదేముంది?

పాత సోవియట్ ర్యాంకులు నాకు బాగా నచ్చాయి. మూడో తరగతి నుంచి మొదటి తరగతి, ఆపైన మాస్టర్ అభ్యర్థి, మాస్టర్, అంతర్జాతీయ మాస్టర్. ఎదుటివాడు ఎవరైనా సరే, నీ కేటగిరీకి రాసిన కిలోలు ఎత్తితే ర్యాంకు నీదే. ఇబ్బంది ఆ కేటగిరీలతోనే. ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య 2018 నవంబరులో వాటిని మార్చింది, 2025 జూన్‌లో మళ్లీ మార్చి పది నుంచి ఎనిమిదికి కుదించింది. నా డేటా సేకరణ సరిగ్గా ఆ జూన్‌కు అటూ ఇటూ పడింది.

ఎత్తిన బరువును ప్రపంచ రికార్డుతో పోల్చి ఇచ్చే రోబీ పాయింట్లకూ అదే చిక్కు, అవీ కేటగిరీని బట్టే. కేటగిరీ ప్రపంచ రికార్డుకు 1000 పాయింట్లు, అందులో సగం ఎత్తితే 100 మాత్రమే. 80 శాతం ఎత్తినవాళ్లకు 476 దగ్గర, 60 శాతానికి 183 దగ్గర వస్తాయి. పైస్థాయి వాళ్లను విడదీయడానికి బాగుంటుంది గానీ, మన జిల్లా పిల్లలంతా అడుగున ఒకచోట ముద్దగా పడిపోతారు.

వేర్వేరు శరీర బరువులున్న లిఫ్టర్లను పోల్చే కెనడా గణితవేత్త రాయ్ సింక్లెయిర్ సూత్రానికి కేటగిరీతో పని లేదు, అసలు శరీర బరువు చాలు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మన కరణం మల్లీశ్వరి టోటల్ (స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ కలిపి) 240 కిలోలు, టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో మీరాబాయి చాను టోటల్ 202. కేటగిరీ పరిమితినే శరీర బరువుగా తీసుకుని, 2017–20 గుణకాలతో లెక్క వేస్తే మల్లీశ్వరికి సుమారు 298, చానుకు సుమారు 315. గుణకాలు ఒలింపిక్స్ తర్వాత మారుతుంటాయి, కాబట్టి అందరికీ ఒకే పట్టిక వాడాలి. ఇది తెలియక ముందు రెండు పట్టికలు కలిపేశాను. ఎక్సెల్ షీట్ మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది.

అన్నీ అయ్యాక అసలు సంగతి తట్టింది. ఇవన్నీ కొలిచేది ఎంత ఎత్తారన్నది. నాకు కావాల్సింది ఎలా ఎత్తారన్నది. సింక్లెయిర్ స్కోరు దాదాపు సమానంగా ఉన్న ఇద్దరి వీడియోలు పక్కపక్కన పెట్టి చూశాను. ఒకరి బార్ పైకి వెళ్లి, పట్టుకునేలోపు కొద్దిగానే దిగింది. ఇంకొకరిది బాగా కిందికి జారింది. రెండోవాళ్లు బలంతోనే నెట్టుకొస్తున్నారు.

అందుకని గ్రూపులే తీసేశాను. పరిచయానికి టైర్లు, బలానికి సింక్లెయిర్ స్కోరు ఉన్నదున్నట్టుగా. నైపుణ్యానికి బార్ దిగిన దూరం, స్నాచ్‌కూ బ్యాక్ స్క్వాట్‌కూ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) ఉన్న నిష్పత్తి విడిగా. ‘ఎలైట్’ అన్న మాట థీసిస్ అంతా వెతికి కొట్టేశాను. గైడ్ గారు ఈసారి ఎక్కడా గీత గీయలేదు.

బార్ అతి తక్కువ దిగినవాళ్లలో ఆ కాంస్యం అమ్మాయి ఉంది. సింక్లెయిర్‌లో మాత్రం కింది సగంలో. గ్రాఫ్ తీసుకెళ్లి వాళ్ల కోచ్ సార్‌కు చూపిస్తే, “ఆ పిల్ల బార్ కిందికి గబుక్కున దూరిపోద్దమ్మా. కాళ్లలో బలమే రావాలి. ఈ నెల నుంచి స్క్వాట్లు పెంచా” అన్నారు.