ఫ్రిజ్ మీద వంతుల కాగితం

"ఆయన్ని నేను చూసుకుంటా, నువ్వెళ్లి జుట్టు కత్తిరించుకుని రా" అంటూ కారు తాళాలు పెద్దావిడ చేతిలో పెట్టేసింది వచ్చినామె.

ఫిలడెల్ఫియాలో మా పక్కింటివాళ్లు క్వేకర్లు, అదో క్రైస్తవ శాఖ. ఆయనకి డిమెన్షియా. ఈవిడకీ ఎనభై దాటాయి. వచ్చినామె వాళ్ల మీటింగ్‌లో, అంటే వాళ్ల ప్రార్థన సమాజంలో, కేర్ కమిటీ మనిషి. వీళ్ల మీటింగ్‌కి పాస్టర్ ఉండరు, ఒకరి మంచీచెడూ ఒకరు చూసుకోవాల్సిందే.

ఆమె "ఆయనకెలా ఉంది?" అని అడగలేదు. "నీకు రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అంది. పెద్దావిడకి కళ్లనీళ్లు ఆగలేదు. మన దగ్గర పరామర్శకి వచ్చినవాళ్లకి కాఫీలు కూడా ఆ అలిసిపోయిన మనిషే పెట్టాలి!

కెన్నెట్ స్క్వేర్ అనే ఊరి దగ్గర క్వేకర్లు 1973లో తెరిచిన కెండల్ అనే వృద్ధుల నివాసం ఉంది. పడిపోతారని ముసలివాళ్లని మంచానికో కుర్చీకో కట్టేయడం నర్సింగ్ హోమ్‌లలో మామూలుగా ఉన్న రోజుల్లోనే, అక్కడ ఎవర్నీ కట్టకూడదని పెట్టుకున్నారు. ఈ కమిటీ పనీ అదే బుద్ధి అనిపించింది, కాకపోతే ఇక్కడ కట్టు విప్పింది చూసుకునే మనిషికి.

వచ్చే గురువారం ఇంకెవరో వస్తారట. ఫ్రిజ్ మీద వంతుల కాగితంలో ఖాళీ కనిపిస్తే నా పేరు రాయమన్నాను.

"గుడ్లు ఉడకబెట్టడం వచ్చా నీకు?" అని అడిగింది వచ్చినామె.